విశాఖలో పెద్ద బోర్ రివాల్వర్: .44, .357 కోసం వెతకాలా? .32 కొనేయాలా?

భీమిలి బాబు
అందరికీ నమస్తే. భీమిలి దాటాక తీరం వెంబడి ఉన్న రొయ్య పిల్లల హేచరీల్లో ఒకటి మాది. సీజన్‌లో లోడింగులన్నీ రాత్రిపూటే. చేతిలో డబ్బు ఉంటుంది, రోడ్డు మీద మనిషి ఉండడు. పక్క హేచరీ మేనేజర్‌ని దారికాచి కొట్టాక ఆత్మరక్షణ కింద లైసెన్సుకి పెట్టాను. వచ్చింది. రివాల్వర్ లేదా పిస్టల్, ఎన్‌పీబీ అని రాశారు, అంటే నిషేధం లేని బోర్ (గొట్టం లోపలి కొలత).

ఏది కొనాలో మాత్రం తేలడం లేదు. గన్ హౌస్‌లో .32 చేతికిచ్చారు. తిరునాళ్లలో అమ్మే బొమ్మ తుపాకీలా తేలిగ్గా ఉంది. నా మనసు .44 మ్యాగ్నమ్ మీద ఉంది, అది దొరక్కపోతే కనీసం .357. వేరే రాష్ట్రంలో ఒకాయన దగ్గర పాత స్మిత్ అండ్ వెసన్ .357 ఉందని ఒక డీలర్ ఫోన్ చేశాడు. నాలుగంగుళాల బ్యారెల్. ధర అడిగితే కొత్త కారు వచ్చేంత చెప్పాడు. డబ్బు పెట్టగలను, అది సమస్య కాదు. కొనమంటారా?

కంచరపాలెం కుర్రోడు
.44 అంటే గోడ అవతల ఉన్నవాడు కూడా పడిపోతాడు అన్నా. కొనెయ్.

పాతనగరం
ఆ గోడ అవతల ఉన్నది వాళ్ల వాచ్‌మన్ అయితే ఏం చేద్దాం కుర్రోడూ?

బాబు గారూ, డీలర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు లైసెన్సు తీసి ఏ ఏరియాకి చెల్లుతుందో, గుళ్లు ఎన్ని రాశారో చూడండి. ఒకసారి దగ్గర ఎన్ని ఉంచుకోవచ్చు, ఏడాది మొత్తానికి ఎన్ని కొనొచ్చు అని రెండు అంకెలుంటాయి. తుపాకీ కొనేవాళ్లలో సగం మంది ఆ రెండో అంకె చదవరు.

వకీలు మాస్టారు
లైసెన్సు వచ్చిందన్నారు కాబట్టి ఆ గొడవ వదిలేద్దాం. చదివే మిగతావాళ్ల కోసం ఒక్క మాట: నగర కమిషనరేట్ పరిధిలో ఉన్నవాళ్లకి పోలీస్ కమిషనర్ దగ్గర, 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయిన అనకాపల్లి లాంటి చోట కలెక్టర్ దగ్గర ఫారం ఏ-1 పెట్టాలి.

అసలు విషయం బోర్. మన చట్టం పెద్ద బోరా, చిన్న బోరా అని చూడదు. సర్వీసు గుండు, అంటే సైన్యం, పోలీసులు వాడేది, అందులో పడుతుందా లేదా అని చూస్తుంది. ఆయుధాల నిబంధనల మొదటి షెడ్యూల్‌లో ఒకటో కేటగిరీ కింద రాసినదాని సారం ఇది: .380, .455 రిమ్ (అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు) ఉన్న గుళ్లు గానీ, సర్వీసు 9 ఎంఎం, .45 రిమ్ లేని గుళ్లు గానీ పట్టి పేలే ఏ రివాల్వరైనా, పిస్టలైనా నిషిద్ధ బోరే. అంటే పీబీ. బ్రిటిష్ కాలంలో పోలీసులు, సైన్యం వాడిన గుళ్లు బయటివాళ్ల చేతికి పోకూడదన్నది దాని వెనక ఉన్న ఆలోచన. పీబీకి కేంద్ర హోం శాఖ అనుమతి కావాలి. సామాన్యుడికి అది దాదాపు రాదు.

ఆ జాబితాలో .357 మ్యాగ్నమ్ లేదు. .44 మ్యాగ్నమ్ కూడా లేదు. అందుకే అంత బలమైన .357 కాగితం మీద ఎన్‌పీబీ, దానికంటే మెత్తనైన బ్రిటిష్ .455 వెబ్లీ పీబీ. విచిత్రమే, కానీ చట్టం అంతే. అయినా కొనేముందు మోడల్, బోర్, నంబరు రాసి "ఇది నా లైసెన్సు మీద ఎక్కుతుందా" అని లైసెన్సింగ్ అధికారిని లిఖితపూర్వకంగా అడగండి. సెక్షన్ గుమస్తా నోటిమాట మీద లక్షలు పెట్టకండి.

డాలస్‌లో గాజువాక
నేను పుట్టి పెరిగింది స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో. ఇప్పుడుండేది టెక్సాస్. ఇక్కడ ఇవన్నీ షాపులో వరసగా ఉంటాయి కాబట్టి కాల్చి చూసిన సంగతి చెబుతాను.

ముందు అంకెలు. .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ గుండు ఆరు గ్రాముల పైచిలుకు, శక్తి 150 జౌళ్ల చుట్టూ ఉంటుంది. .455 వెబ్లీ గుండు 17 గ్రాములు, చూడ్డానికి భయంకరం, కానీ నెమ్మది. సెకనుకి 180, 190 మీటర్లే. శక్తి 300 జౌళ్లు. .357 మ్యాగ్నమ్ గుండు పది గ్రాములే, కానీ సెకనుకి 370 మీటర్లు పోతుంది కాబట్టి 700 జౌళ్లు దాటుతుంది. .44 మ్యాగ్నమ్ వెయ్యి పైనే. 2003లో వచ్చిన .500 అయితే 3,000 దాటేసింది, ఆ రివాల్వర్ రెండు కిలోలుంటుంది, అందులో పట్టేవి ఐదే గుళ్లు. కాల్పుల రేంజిలో ఒక్కసారి కాల్చాక మళ్లీ ఎవరైనా ఇచ్చినా వద్దన్నాను.

.357 వచ్చింది 1935లో. అప్పటికే ఉన్న .38 స్పెషల్ ఖాళీ కేసుని (మందు నింపే లోహపు గొట్టాన్ని) మూడు మిల్లీమీటర్ల పైన పొడుగు చేసి, మందు ఎక్కువ పెట్టారు. బలం తట్టుకోలేని పాత .38 రివాల్వర్లలో పట్టకూడదనే ఆ పొడుగు. గుండు లావు రెండిటికీ ఒకటే. అందుకే ఇక్కడ .357 కొన్నవాళ్లు ప్రాక్టీసుకి చవకైన .38 స్పెషల్ వాడుకుంటారు. రోజూ మ్యాగ్నమ్ కాల్చేవాడు నాకు పెద్దగా తగల్లేదు.

ఇప్పుడు .44. 1950ల మధ్యలో వచ్చింది, వేటగాళ్ల కోసం. అలాస్కా ఎలుగుబంట్ల దేశంలో దానికి అర్థం ఉంది. రాత్రిపూట రేకుల షెడ్డులో పేల్చారనుకోండి, మంట చూసి కళ్లు బైర్లు కమ్ముతాయి, 160 డెసిబెల్స్ చుట్టూ మోతకి చెవులు మూసుకుపోతాయి. మొదటి గుండు తగలకపోతే రివాల్వర్ మళ్లీ కిందికి వచ్చి గురి కుదిరేలోపు ఎదుటివాడు మీ మీద ఉంటాడు. ఆరడుగుల మనిషికైనా అంతే, ఎందుకంటే ఇది కండబలం సంగతి కాదు, మణికట్టు అలవాటు సంగతి.

భీమిలి బాబు
వివరంగా చెప్పారు, థాంక్స్. అయితే మీ లెక్క ప్రకారమే .32 కన్నా .357 నాలుగు రెట్లు పైన ఉంది కదా? రేపు గండాసా పట్టుకుని వచ్చినవాడు 150 జౌళ్లకి ఆగుతాడా? .44 వదిలేశాను. .357 ఎందుకు వద్దో చెప్పండి.

రిటైర్డ్ గన్నర్
బాబూ, నేను నేవీలో చేసి దిగినవాణ్ణి. నీకు .357 వద్దనను. కొంటే దానికి తిండి ఎక్కడినుంచి తెస్తావో చెప్పు.

మన దేశంలో గుళ్లు చేసేది ప్రధానంగా పుణెలోని ఖడ్కీ ఫ్యాక్టరీ. 2021 అక్టోబర్‌లో ఆర్డ్‌నెన్స్ బోర్డుని (ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల సంస్థని) ఏడు కంపెనీలుగా విడగొట్టాక అది మ్యూనిషన్స్ ఇండియా కిందకి వచ్చింది. .32 రివాల్వర్‌కీ, .32 పిస్టల్‌కీ, .22కీ, పన్నెండు బోర్‌కీ మాల్ అక్కడినుంచి దుకాణాలకి వస్తుంది. అలా దుకాణంలో మామూలుగా దొరికే వాటిలో .357 ఉండదు. విదేశీ పెట్టెలు ఎక్కడో ఒకటి తిరుగుతుంటాయి, ఒక్కో గుండుకి చెప్పే ధర వింటే ట్రిగ్గర్ మీద వేలు పెట్టబుద్ధి కాదు. తుపాకులదీ అంతే. 1980ల మధ్య నుంచి మామూలు పౌరుడికి దిగుమతి మూసేశారు. పేరున్న పోటీ షూటర్లకి తప్ప బయటినుంచి కొత్తది రాదు. ఇప్పుడు చేతులు మారేవన్నీ అంతకుముందు వచ్చినవే, చాలావరకు విదేశాల్లో ఉండి తిరిగొచ్చినవాళ్లు సామానుతో పాటు తెచ్చుకున్నవి. అందుకే ఆ కారు ధర.

సరే, డబ్బుంది కాబట్టి కొన్నావు. ఏడాదికి ఎన్ని కాలుస్తావు? పది కాల్చడానికి కూడా మనసొప్పదు. బీరువాలో పెట్టి ఆయుధపూజకి పసుపు కుంకుమ పెడతావు. అవసరమొచ్చిన రాత్రి, ఎప్పుడూ కాల్చని రివాల్వర్ నీ చేతిలో ఉంటుంది.

.32ని తక్కువ చెయ్యకు. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీల్లో ప్రపంచ స్థాయి షూటర్లు ఎక్కువగా వాడేది ఈ .32 లాంగ్ గుండే. గురికి అంత నమ్మకమైనది. గండాసావాడి సంగతి అడిగావు కదా, ఛాతీ మీద సరిగ్గా పడిన రెండు .32 గుళ్లు, గాలిలోకి పోయిన ఒక .357 కన్నా నయం. అయితే ఒక్క గుండుకే మనిషి టక్కున పడిపోతాడని ఎవరైనా చెబితే, అది ఏ బోరైనా సరే, నమ్మకు.

లాసన్స్ బే కాలనీ
నాకు అర్థం కాని విషయం అడుగుతాను, ఏమీ అనుకోకండి. రొయ్య పిల్లలు అమ్మిన డబ్బు యూపీఐలో, ఆర్‌టీజీఎస్‌లో వేయించుకోవచ్చుగా? రాత్రి ఒంటరిగా వెళ్లే బదులు ఇద్దరిని పెట్టుకుంటే జీతం రివాల్వర్ ధరలో ఎన్నేళ్లు వస్తుందో లెక్క వేశారా? రివాల్వర్ ఉందని ఊళ్లో తెలిస్తే అదొక్కటే దొంగతనానికి కారణం అవుతుంది.

భీమిలి బాబు
డబ్బులో ఎక్కువ భాగం బ్యాంకులోనే పడుతుందండీ. చిన్న చెరువుల రైతులు, బండ్లవాళ్లు, ఐస్, కూలీలు మాత్రం చేతికే. సీజన్‌లో అదీ తక్కువేం కాదు. మనిషిని పెట్టాను, కెమెరాలూ పెట్టాను. వాటితో పాటు ఇది. మీరన్న చివరి మాట మాత్రం నిజం. అందుకే నేను హేచరీలో ఎవరికీ చెప్పలేదు.

పాతనగరం
ఇక్కడ రాశారుగా 😀

సీతమ్మధార అమ్మాయి
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, బోర్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారు. 1942 ఏప్రిల్‌లో వైజాగ్ మీద జపాన్ బాంబులు పడినప్పటి కబుర్లు ఆయన నోటినుంచే విన్నాం. ఆయన దగ్గర .455 వెబ్లీ ఒకటి పాత లైసెన్సు మీద ఉండేది. ఆయన తర్వాత నాన్నగారి పేరు మీదికి మారింది. నాన్నగారు ఈ మధ్యే పోయారు. అన్నయ్య దాన్ని ఇంట్లోనే ఉంచేద్దాం, జ్ఞాపకం కదా అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

వకీలు మాస్టారు
అమ్మా, నీ టెన్షనే సరైనది. లైసెన్సుదారు పోయిన రోజు నుంచి ఆ రివాల్వర్ ఇంట్లో ఉండటానికి చట్టపరంగా ఆధారం లేదు. ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చెయ్యాలి. రసీదులో నంబరు సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. డెత్ సర్టిఫికెట్ కాపీ, లైసెన్సు పుస్తకం తీసుకెళ్లండి. డిపాజిట్ చేస్తే వస్తువు పోయినట్టు కాదు. వారసుడు ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ .455 కాబట్టి దారి ఢిల్లీ దాకా ఉంది, అన్నయ్యకి ఆ సంగతి ముందే చెప్పు.

లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకుంటే 2019 సవరణ తర్వాత మామూలు తుపాకీకే కనీస శిక్ష 2 ఏళ్లు, 5 ఏళ్ల దాకా పోవచ్చు; నిషిద్ధ ఆయుధానికైతే అంతకంటే ఎక్కువ. తాతగారి గుర్తు అని జడ్జి గారికి చెప్పుకోవలసిన పరిస్థితి తెచ్చుకోవద్దు. అదే సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల హద్దుని రెండుకి తగ్గించింది. వారసత్వంగా వచ్చినదీ ఆ రెండులోనే లెక్క. అన్నయ్యకి ఇప్పటికే రెండుంటే ఆశ వదులుకోవడమే.

బతికుండగానే మార్చుకునే దారి కూడా ఒకటుంది, చాలామందికి తెలియదు. లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా వారసుడి పేరు మీదికి మార్చమని అడగొచ్చు.

సీతమ్మధార అమ్మాయి
చాలా థాంక్స్ మాస్టారూ. మీ మెసేజ్ అన్నయ్యకి చూపించాను. మాట్లాడకుండా బీరువా తాళాలు ఇచ్చాడు.

ఉప్పుగాలి
అందరూ జౌళ్లు, సెక్షన్లు మాట్లాడుతున్నారు. ఎవరూ తుప్పు గురించి మాట్లాడటం లేదు. బాబు గారూ, మీది సముద్రం ఒడ్డున హేచరీ. మీ గేటు కీళ్లు ఎన్నేళ్లు ఆగుతున్నాయో చూసుకోండి. నీలం పూత వేసిన పాత కార్బన్ స్టీల్ రివాల్వర్‌ని అక్కడ ఒక వానాకాలం అశ్రద్ధ చేస్తే, సిలిండర్ (గుళ్లు పెట్టే, తిరిగే భాగం) గదుల్లో గుంటలు పడతాయి. గుంటలు పడితే పేలిన ఖాళీ కేసు బయటికి రాదు.

తోలు పౌచ్‌లో పెట్టి దాచొద్దు, తోలు తేమ పీల్చుకుంటుంది. బయటికి తీసుకెళ్లేటప్పుడు మాత్రమే పౌచ్. ఇంట్లో అయితే పల్చగా నూనె పట్టించి, సిలికా జెల్ సంచులతో మూత బిగుతుగా ఉండే పెట్టెలో, ఆ పెట్టె లాకర్‌లో. నూనె ఎక్కువైనా ప్రమాదమే, గుండు అడుగున ప్రైమర్‌లోకి (మందుని అంటించే బిళ్లలోకి) దిగితే పేలదు. గుళ్లు వేరే పెట్టెలో పెట్టండి, పిల్లలున్న ఇల్లు అయితే వేరే తాళం.

ఈ లెక్కన 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్ రివాల్వర్‌లో ఒక సుఖం ఉంది. టైటానియం మిశ్రమం, బరువు అర కిలో. నగల పెట్టెలాంటి దాంట్లో పెట్టి అమ్మారు, ఆడవాళ్ల కోసమని చెప్పుకున్నారు. ధర మాత్రం వచ్చినరోజే లక్షా ఇరవై రెండు వేలు దాటింది.

రిటైర్డ్ గన్నర్
తేలిక తుపాకీ అదే గుండుకి ఎక్కువ తంతుంది, అది కూడా చెప్పు ఉప్పుగాలీ. షాపులో బాబు బొమ్మలా ఉందన్నది బహుశా అదే. నా ఓటు కాస్త బరువున్నదానికి.

మన .32లలో ఏది అంటే, పాత ఆర్డ్‌నెన్స్ మోడల్ వెబ్లీ నమూనా మీద చేసినది. మధ్యలో విరిచి తెరిస్తే ఆరు కేసులూ ఒకేసారి పైకి లేస్తాయి. మోటుగా ఉంటుంది, ట్రిగ్గర్ గట్టిది, కానీ పనిచేస్తుంది. హర్దోయ్ జిల్లా సండీలాలో ఇప్పుడు వెబ్లీ పేరుతోనే .32 చేస్తున్నారు, ఫినిషింగ్ మెరుగు. 2023 ఆగస్టులో కాన్పూర్ వాళ్లు తెచ్చిన ప్రబల్ వేరే రకం, సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, బరువు 700 గ్రాముల లోపు. 50 మీటర్ల రేంజి అని ప్రచారం చేశారు. నువ్వు ఆత్మరక్షణకి 50 మీటర్ల దూరంలో ఉన్నవాణ్ణి కాల్చావంటే కోర్టులో ఏం చెబుతావో వకీలు గారిని అడుగు.

వకీలు మాస్టారు
😀 బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 34 నుంచి 44 వరకు సెక్షన్లు చదువుకోండి. పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే అది ఆత్మరక్షణ కాదు. పెళ్లిలో గాలిలోకి పేల్చినా 2 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

డాలస్‌లో గాజువాక
బాబు గారూ, .357 మీద ఇంకా మనసుంటే, కనీసం చూడకుండా కొనకండి. ఖాళీ చేసిన రివాల్వర్ పట్టుకుని, ఆరు గదులూ ఖాళీయేనని మీ కళ్లతో చూసి, హ్యామర్ (వెనక ఉండే సుత్తి) నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా లేచేసరికి సిలిండర్ క్లిక్ మని కూర్చోవాలి. ఆరు గదులకీ చూడండి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని సిలిండర్‌ని వేళ్లతో ఊపండి, పక్కలకి ఊగితే, ముందూ వెనకా జారితే అరిగిపోయినట్టు. బ్యారెల్ మొదట్లో సిలిండర్ వైపున్న మూతి పగుళ్లు లేకుండా ఉండాలి. మ్యాగ్నమ్ గుళ్లు ఎక్కువ కాల్చిన వాటిలో మొదట దెబ్బతినేది అదే. మనకి స్పేర్ పార్టు దొరకదు, దాన్ని సరిచేసే మనిషీ దొరకడు.

వకీలు మాస్టారు
పైగా అది వ్యక్తి నుంచి వ్యక్తికి అమ్మకం అయితే, అమ్మే ఆయన ముందుగా తన జిల్లా అధికారికి గానీ పోలీస్ స్టేషన్‌కి గానీ రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. ఆ గడువు దాటకుండా "తీసుకెళ్లిపోండి, కాగితాలు తర్వాత" అంటే ఫోన్ పెట్టేయండి. మీ లైసెన్సు మన రాష్ట్రానికే చెల్లేదైతే, అక్కడినుంచి తేవడానికి వేరే అనుమతి కావాలి. తెచ్చాక నంబరు లైసెన్సు మీద ఎక్కించి, ఆయుధాన్ని స్టేషన్‌లో చూపించాలి.

కంచరపాలెం కుర్రోడు
ఇన్ని తిప్పలు పడే బదులు నాటుది అయితే...

మోడరేటర్
కుర్రోడు గారి తర్వాతి రెండు పోస్టులు తీసేశాం. లైసెన్సు లేనివాటి గురించి, అమ్మకం ప్రకటనల గురించి ఈ వేదికలో చోటు లేదు. చర్చ కొనసాగించండి.

భీమిలి బాబు
ఈ వారం ఆ డీలర్‌కి ఫోన్ చేసి, అమ్మే ఆయన 45 రోజుల నోటీసు ఇచ్చారా అని అడిగాను. "అవన్నీ మేం చూసుకుంటాం సార్, ముందు సగం పంపండి" అన్నాడు. గుళ్లు ఎన్ని ఇస్తారంటే "దానితో పాటు ఓ పన్నెండు వస్తాయి, తర్వాత చూద్దాం" అన్నాడు. పన్నెండు గుళ్ల కోసం అంత డబ్బు పెట్టనని చెప్పాను.

ప్రబల్, సండీలా వెబ్లీ రెండూ చేతిలో పట్టుకుని చూడాలి. నా చెయ్యి పెద్దది కాబట్టి పిడి ఏది కుదిరితే అది. ట్రిగ్గర్ రెండిటికీ ఎలా ఉందో ఎవరైనా వాడినవాళ్లు చెబితే మేలు.

పాతనగరం
ధర అడిగేటప్పుడు జీఎస్టీతో కలిపి అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ల మీద 28 శాతం కాస్తా 40 అయింది. పాత ధరల పట్టిక చూసి వెళ్తే కౌంటర్ దగ్గర గుండె ఆగుతుంది.

రిటైర్డ్ గన్నర్
వెబ్లీ కాల్చాను. సింగిల్ యాక్షన్‌లో, అంటే హ్యామర్ ముందే లాగి పెట్టుకుంటే, ట్రిగ్గర్ శుభ్రంగా తెగుతుంది. డబుల్ యాక్షన్‌లో, అంటే హ్యామర్ లాగకుండా ట్రిగ్గర్ ఒక్కటే నొక్కితే, బరువే. ప్రబల్ షాపులో ఖాళీగా నొక్కి చూశానంతే, కాల్చలేదు కాబట్టి తీర్పు చెప్పను. డబుల్ యాక్షన్‌లోనే ప్రాక్టీసు చెయ్యి, చీకట్లో హ్యామర్ లాగే తీరిక ఉండదు. కొన్న నెలలోనే రేంజికి వెళ్లి నీ కోటాలో సగం కాల్చెయ్. మిగతా సగం ఉంచు.

ఉప్పుగాలి
ఇంకొకటి. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమంటారు, 2024లోనూ అదే జరిగింది. ఇచ్చేముందు బాగా నూనె పట్టించి, ఫొటోలు తీసుకుని ఇవ్వండి. నెలల తరబడి అక్కడ ఏ గదిలో ఉంటుందో మనకి తెలియదు. మాకు తెలిసినాయన రివాల్వర్ ఒకటి గోధుమ రంగులో తిరిగొచ్చింది.

భీమిలి బాబు
నోట్ చేసుకున్నాను. గన్నర్ గారూ, రేంజికి వెళ్లే రోజు మీరూ వస్తారా? మొదటిసారి పక్కన తెలిసినవాళ్లుంటే బాగుంటుంది.

రిటైర్డ్ గన్నర్
వస్తాను. చెవులకి మఫ్‌లు, కళ్లజోడు నువ్వే తెచ్చుకో, నావి ఇవ్వను.